లక్ష్మణవజ్ఝల యింట... రూకకా, పూటకా?

పాతబజారు: మా ఊరి మెయిన్ రోడ్డులో ఎప్పుడో మూతపడ్డ భోజన హోటలుంది. ద్వారబంధం పైన గారతో ఉబ్బెత్తుగా పోసిన పద్యం. మూడు పాదాలు రాలిపోయాయి. నాలుగోది "లప్పలతోడ క్రొంబెరుగు లక్ష్మణవజ్ఝల యింట" దాకా చదవొచ్చు. తర్వాత ఒక దీర్ఘపు కొమ్ము, కాస్త ఖాళీ, ఆపైన "కున్". నా నోట "పూటకున్" అనే ఆడుతోంది. కాదంటారా?

యతిప్రాస: కాదు, "రూకకున్". రూక అంటే ఆనాటి నాణెం. వినుకొండ వల్లభరాయడి పేరున ఉన్న క్రీడాభిరామం కావ్యంలో ఓరుగల్లు పూటకూళ్ళింటి పద్యం అది. కప్పురభోగి నుంచి క్రొంబెరుగు దాకా అంత పట్టీ చదివి, చివర ధర చెప్పకపోతే ఎలా?

ఉత్పల: అర్థం సరే, ఛందస్సు మాత్రం సాక్ష్యానికి రాదండీ. "యింట రూ" రగణం, "కకున్" వగణం. "యింట పూ", "టకున్" అన్నా అంతే. యతి "లక్ష్మణ" దగ్గరే తీరిపోయింది, ప్రాస "ప్ప" దగ్గర. ఆ చివర ఏం పెట్టినా పట్టుబడదు.

కూటివాది: పూటకూళ్ళ ఇంట్లో మళ్ళీ "పూటకున్" ఏమిటి, పునరుక్తి! రూకే. పనిలోపనిగా, "పూటకూలి" అని రాసేవాళ్ళకో మనవి. అది కూలి కాదు, కూడు. అదే కావ్యంలో "పూటకూటింట వర్తించు పుష్పశరుడు" ఉంది కదా. కూడు, కూటి, కూళ్ళు. బొంకులదిబ్బ మీద గిరీశం తలుచుకునేదీ పూటకూళ్ళమ్మనే.

యతిప్రాస: పునరుక్తి ఎక్కడండీ, ఈ పద్యంలో "పూటకూడు" అన్న మాటే లేదు. రూక అన్నందుకు సంతోషం గానీ కారణం తప్పు.

గచ్చుపని: పుస్తకం సంగతి అలా ఉంచి గోడ చూడండి. పు, పూలకు కొమ్ము అక్షరం అడుగునుంచి బయల్దేరుతుంది, రు, రూలకు పక్కనుంచి. అది చూస్తే సగం తేలుతుంది. మిగతా సగానికి, చీకటి పడ్డాక టార్చి గోడకు ఆనించి పక్కవాటుగా వెలుగు కొట్టండి. గార పట్టు నిలవడానికి ముందు గోడమీద గాట్లు పెడతారు, అక్షరం రాలినా అవి ఉండిపోతాయి. దుమ్ము తడిగుడ్డతో అద్ది తీయండి. వైరు బ్రష్షు పెడితే గాట్లూ పోతాయి.

మళ్ళీ పోయించేటప్పుడు సిమెంటు మాత్రం వద్దు. పాత సున్నం కన్నా అది గట్టి, తేమను బయటికి వదలదు. వెనక సున్నం పొడై రెండు వానాకాలాల్లో అక్షరం పలకలా ఊడి వస్తుంది. రెండు వారాలైనా నానిన సున్నం ఒక పాలు, జల్లించిన ఇసుక రెండు పాళ్ళు. పూతకు అరంగుళం మించితే బీటలిస్తుంది. ఎండ తగలకుండా వారం రోజులు తడిగోనె కట్టండి. కరక్కాయ, బెల్లం నీళ్ళు కలిపే మేస్త్రీ దొరికితే అదృష్టం.

చాటుప్రియ: ఇంత రుచిగా తిండిని చెప్పినవాడు వల్లభరాయడంటే నేను నమ్మను. పల్నాటి జొన్నకూడు మీద విసుక్కున్న నాలుకే ఇదీ. శ్రీనాథుడే.

యతిప్రాస: వచ్చారా! వేటూరి ప్రభాకరశాస్త్రి గారి నాటి వాదమే కదండీ ఇది. తిండి బాగా వర్ణిస్తే శ్రీనాథుడైపోతాడా? అలాగైతే పెళ్ళి వంటవాళ్ళంతా కవిసార్వభౌములే.

చాటుప్రియ: నడక చూడండి సార్. "క్రొత్తగ కాచిన యాలనే పెసర్" అని పాదం విరిచి "పప్పును" కింద పడేసే ధీమా ఇంకెవరిది?

ఉత్పల: పాదం విరవడం ఆయన ఒక్కడి సొత్తు కాదు.

పాతబజారు: టార్చి పెట్టి చూశాం. కొమ్ము మొదలయ్యే చోటే ఎవరో ఫ్లెక్సీ బోల్టు దించారు. ఖాళీలో రెండు గాట్లు కనిపిస్తున్నాయి, క అయినా ట అయినా సరిపోయేలా.

గచ్చుపని: బోల్టు లాగకండి, చుట్టూ గార పెచ్చు లేస్తుంది. రంపపు బ్లేడుతో తల కోసి ఫోటో పెట్టండి.

ఉత్పల: ఈలోగా మూడో పాదం జాగ్రత్త. "గొమ్మునల్లనటిపండ్లు" అనే పోయించండి, నల్ల, అనటి. అరటి అని దిద్దినా గణం చెడదు కాబట్టి ఎవరూ పట్టుకోరు.

కూటివాది: అనటి సరే, ఆ "కొమ్ము" సంగతేమిటి? గెలలో కొమ్మా, పండు రకమా?

చాటుప్రియ: శ్రీనాథుణ్ణే అడగాలి.

యతిప్రాస: వల్లభరాయణ్ణి.