తొక్కిసలాట నుంచి బయటపడ్డ తమ్ముడికి ఇంకా నిద్ర పట్టడం లేదు

మాది కందుకూరు దగ్గర పల్లె. 2022 డిసెంబర్ 28న కందుకూరు తొక్కిసలాటలో 8 మంది చనిపోయారు గదా, మా తమ్ముడు ఆ గుంపులోనే ఉన్నాడు. ఒంటి మీద గీత కూడా పడలేదు. చెప్పుల్లో ఒకటే ఇంటికొచ్చింది, దాన్ని ఇప్పటికీ పారేయనివ్వడు. తిరునాళ్లకు రాడు. బస్సు రద్దీగా ఉంటే మధ్యలోనే దిగిపోతాడు. అమ్మ తాయెత్తు కట్టించింది. డాక్టర్ దగ్గరికి పోదామంటే "నాకేమన్నా పిచ్చా అక్కా?" అంటాడు. సంబంధాలు చెడిపోతాయని నాన్న భయం. ఏం చేయాలి?

జవాబు: అక్కా, అది పిచ్చి కాదు. అలాంటివి చూశాక కొన్నాళ్లు నిద్ర పట్టకపోవడం మామూలే. నెల దాటినా పోకపోతే చూపించాల్సిందే. ముందు 14416కి ఫోన్ చేయించండి. టెలీ మానస్ అని మనసు బాధలకు సలహా చెప్పే ఫోన్ లైన్, ప్రభుత్వానిది, ఉచితం. తెలుగులోనే మాట్లాడతారు, అర్ధరాత్రైనా సరే.

జవాబు: సముద్రంలో మా పడవ తిరగబడ్డాక నాదీ ఇదే పరిస్థితి. ఒంగోలులో చూపించుకున్నా. మా ఆవిడ ప్రతిసారీ వచ్చి బయట బెంచీ మీద కూర్చునేది. మీరూ వెంట వెళ్లండమ్మా, ఒంటరిగా పంపొద్దు.

అడిగినామె: ఇందాకే ఫోన్ కలిపి వాడి చేతికిచ్చా. పెరట్లోకి పోయి ఇరవై నిమిషాలు మాట్లాడాడు. వచ్చి అన్నం పెట్టమన్నాడు.