షట్‌డౌన్ పనివాళ్లకు వీఆర్ శిక్షణ చట్టం చేయాలా?

చెన్నై సేఫ్టీ: గ్యాస్, పెట్రోలియం ప్లాంట్లలో షట్‌డౌన్‌కు, అంటే మరమ్మతుల కోసం ప్లాంటు ఆపినప్పుడు, వచ్చే కాంట్రాక్టు పనివాళ్లను గేటు దాటించే ముందు వీఆర్ శిక్షణ (కళ్లకు హెడ్‌సెట్ పెట్టి, కంప్యూటర్ బొమ్మల్లో ప్రమాదాలు చూపించేది) ఇచ్చి తీరాలని చట్టం రావాలంటాను. 1984 భోపాల్ ఘోరం తర్వాత, 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, ప్రమాదాల సంగతి కార్మికులకు చెప్పాల్సిందేనన్నారు. నేను చూసినంతవరకు చెప్పడమంటే అరగంట స్లైడ్లు, చివర్లో సంతకం. మంట ఎలా అంటుకుంటుందో హెడ్‌సెట్‌లోనైనా చూసినవాడికి అది గుర్తుండిపోతుంది.

ఎన్నూరు రిగ్గర్: అన్నా, నేను ఒప్పుకోను. పోయిన షట్‌డౌన్‌లో ఒక ప్లాంటులో నాకు అది పెట్టారు. మాటలన్నీ హిందీ. మా గ్యాంగులో తొమ్మిదిమందిమీ టెక్కలి వైపు వాళ్లమే. గాల్లో చెయ్యి తిప్పి వాల్వు కట్టేస్తే పాసన్నారు. మర్నాడు అసలు వాల్వు చక్రం తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉంది. ఇద్దరం కలిసి పట్టినా కదల్లేదు. వీపున గాలి సిలిండరు, మొహానికి మాస్కు, కళ్లలోకి చెమట. ఆ సిలిండరు తగిలించుకుని చేయించే డ్రిల్లును (సాధనను) మాత్రం "వీఆర్ అయిపోయిందిగా" అని ఎత్తేశారు. నా కోపమంతా అక్కడే.

పెరంబూరు ట్రైనర్: తమ్ముడి కోపంలో న్యాయం ఉంది. అయినా కొన్ని సంగతులు వీఆర్‌లోనే చూపించగలం. హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు కొంచెమే ఉంటే కుళ్లిన గుడ్డు కంపు కొడుతుంది. 100 పీపీఎం (గాలిలో పది లక్షల వంతుల్లో వంద) దగ్గరికి వచ్చేసరికి ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. కంపు పోయింది, గ్యాసూ పోయిందనుకుని లోపలికి దిగితే ప్రాణం పోతుంది. ముక్కును కాదు, మీటరును నమ్మాలని ఎవరికీ అపాయం లేకుండా నేర్పే దారి ఇది.

కానీ 1988లో ఉత్తర సముద్రంలో పైపర్ ఆల్ఫా అనే చమురు ప్లాట్‌ఫాం సంగతి చూడండి. సేఫ్టీ వాల్వు విప్పి ఉన్న పంపును రాత్రి షిఫ్టువాళ్లు స్టార్ట్ చేశారు. వాల్వు విప్పిన పర్మిట్ (పనికి రాసిచ్చే అనుమతి కాగితం) కబురు వాళ్లకు అందలేదు. 167 మంది పోయారు. అలాంటిచోట కాపాడేది ఒక షిఫ్టు నుంచి ఇంకో షిఫ్టుకు సరిగ్గా చేతులు మారిన పర్మిట్, ఎవరూ స్టార్ట్ చేయకుండా పంపుకు వేసిన తాళం. హెడ్‌సెట్ కాదు.

చెన్నై సేఫ్టీ: మేడమ్, అయితే చట్టంలోనే రాద్దాం: శిక్షణ పనివాడి భాషలో ఉండాలి, వీఆర్ గంటలను సిలిండరు డ్రిల్లు కింద లెక్కేయకూడదు.

ఎన్నూరు రిగ్గర్: ఆ రెండో ముక్క ముందు రాయండన్నా. తుప్పు పట్టిన వాల్వు మీద కూడా ఒకసారి చెయ్యి వేయించాలని కలపండి. అప్పుడు నేనూ మీ వైపే.