తెలుగు, ఒడియా రెండూ ఉండే స్లైడ్లకు మంచి టెంప్లేట్ ఎక్కడ దొరుకుతుంది, మన అక్షరాలకు ఎలా సరిచేసుకోవాలి?

పర్లాకిమిడి టీచరమ్మ

నమస్తే అండీ. పర్లాకిమిడిలో ఒక హైస్కూల్లో తెలుగు చెప్తాను. వచ్చే ఆగస్టు 29కి గిడుగు రామమూర్తి పంతులు గారి మీద ఒక ప్రెజెంటేషన్ తయారు చేస్తున్నాను. ఆయన మా ఊళ్ళోనే పంతులుగా ఉండి, సవర గిరిజనుల దగ్గర వాళ్ళ భాష నేర్చుకుని, ఆ భాషకు నిఘంటువు రాసిన మనిషి. అంచేత తెలుగు భాషా దినోత్సవం అంటే మాకు మా ఊరి పండగే, బాగా చెయ్యాలని ఉంది. హాల్లో తెలుగువాళ్ళూ, ఒడియావాళ్ళూ, సవర పిల్లల తల్లిదండ్రులూ అందరూ కూర్చుంటారు కాబట్టి ప్రతి స్లైడ్‌లో పైన తెలుగు, కింద ఒడియా రావాలి. రెండు మూడు చోట్ల సవర మాటలు సొరా సొంపెంగ్ లిపిలోనే పెట్టాలని కూడా ఉంది.

నెట్‌లో ఒక ఫ్రీ టెంప్లేట్ దించుకున్నాను. ఇంగ్లీషులో చూస్తే చాలా అందంగా ఉంది కానీ అందులో తెలుగు టైప్ చెయ్యగానే శీర్షిక వేరే ఫాంట్‌లోకి పోతోంది, రెండు లైన్లు వస్తే పై లైను వత్తులు కింది లైను గుడుల మీదికి ఎక్కుతున్నాయి, ఒడియా ఇంకో సైజులో కనిపిస్తోంది. ఒక్కో స్లైడ్‌కీ వెళ్ళి ఫాంటూ రంగూ మార్చుకుంటూ కూర్చుంటే తెల్లారిపోతుంది. పైగా ఇంట్లో ల్యాప్‌టాప్‌లో సరిగ్గా ఉన్నది స్కూల్లో విండోస్ 7 కంప్యూటర్‌లో పెడితే పేరాలు బాక్సు దాటి కిందికి జారిపోతున్నాయి, సవర మాటల దగ్గర ఖాళీ డబ్బాలు వస్తున్నాయి. ప్రొజెక్టర్ కూడా పాతదే, దాదాపు చదరంగా ఉండే తెర.

టెంప్లేట్లు ఎక్కడ వెతకాలి, అన్ని స్లైడ్లూ ఒకేసారి మారాలంటే ఎక్కడ సరిచెయ్యాలి, తెలిసినవాళ్ళు కాస్త విడమరిచి చెప్పండి. చాలా టెన్షన్‌గా ఉంది.

రాయగడ కంప్యూటర్ సెంటర్

మేడమ్, టెన్షన్ పడకండి, మీకు కావలసింది స్లైడ్ మాస్టర్. మా దగ్గర నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళకి మొదటి రోజే ఇది చూపిస్తాను, ఎందుకంటే ఇది తెలియకపోతే ఎంత మంచి టెంప్లేట్ దించుకున్నా మన మాట వినదు.

పవర్‌పాయింట్‌లో వ్యూ మెనూకి వెళ్ళి స్లైడ్ మాస్టర్ నొక్కండి. ఎడమ పక్క వరుసలో అన్నిటికంటే పైన పెద్దగా కనిపించేది మాస్టర్, దాని కింద చిన్నగా ఉన్నవి లేఅవుట్లు. మాస్టర్‌లో శీర్షిక ఫాంట్ మారిస్తే కింద లేఅవుట్లన్నీ, వాటి మీద కట్టిన స్లైడ్లన్నీ మారతాయి. స్కూల్ గుర్తు పెట్టాలన్నా అక్కడ ఒకసారి పెడితే చాలు, ప్రతి స్లైడ్‌లో అతికించక్కర్లేదు.

ఇప్పుడు మీ అసలు సమస్య. ఒకే బాక్సులో తెలుగూ ఒడియా కలిపి టైప్ చేస్తే ఫాంటు ఎప్పుడూ గొడవే. దానికి బదులు మాస్టర్ వ్యూలోనే ఇన్సర్ట్ లేఅవుట్ నొక్కి కొత్త లేఅవుట్ ఒకటి చేసుకోండి. ఇన్సర్ట్ ప్లేస్‌హోల్డర్‌లో (మాటలు నింపడానికి ముందే గీసి ఉంచే పెట్టె) టెక్స్ట్ ఎంచుకుని పైన ఒక పెట్టె, కింద ఒక పెట్టె గీయండి. పై పెట్టెలో ఉన్న ఇంగ్లీషు మాటలు తీసేసి "ఇక్కడ తెలుగు" అని రాసి దానికి తెలుగు ఫాంట్ పెట్టండి, కింది పెట్టెలో ఒడియాలో ఏదో ఒక మాట రాసి దానికి ఒడియా ఫాంట్ పెట్టండి. సైజు, రంగు, లైన్ల మధ్య ఎడం అన్నీ అక్కడే ఖాయం చేసేయండి. లేఅవుట్‌కి ఒక పేరు పెట్టి మాస్టర్ మూసేస్తే, ఆ తర్వాత న్యూ స్లైడ్ కింద ఉన్న బాణం నొక్కి ఆ పేరు ఎంచుకుంటే ఈ రెండు పెట్టెల స్లైడ్ వస్తుంది, మీరు మాటలు నింపుకుంటూ పోవడమే.

మాస్టర్‌లో మార్చినా కొన్ని స్లైడ్లు మారలేదనుకోండి, రెండు కారణాలుంటాయి. ఆ స్లైడ్ మీద ఎవరో చేత్తో ఫాంట్ మార్చి ఉంటారు, అప్పుడు హోమ్‌లో రీసెట్ నొక్కితే దారికొస్తుంది. లేదంటే అది ప్లేస్‌హోల్డర్ కాదు, విడిగా గీసిన టెక్స్ట్ బాక్సు. దాన్ని మాస్టర్ పట్టించుకోదు, అందులో మాటలు కట్ చేసి పెట్టెలోకి వేసుకోవాల్సిందే. నెట్‌లో దొరికే అందమైన ఫ్రీ టెంప్లేట్లు చాలావాటిలో ఇదే తంటా, సగం బొమ్మలూ సగం బాక్సులూ విడివిడిగా అతికించి ఉంటాయి. ఒక టెంప్లేట్ దించుకోగానే ముందు స్లైడ్ మాస్టర్ తెరిచి చూడండి, అక్కడ లేఅవుట్లు పద్ధతిగా ఉంటే ఉంచుకోండి, లేకపోతే ఎంత బాగున్నా వదిలేయండి.

రంగులు కూడా అంతే. డిజైన్‌లో వేరియంట్స్ కింద కలర్స్ ఉంటుంది, అక్కడ కస్టమైజ్ కలర్స్‌లో మీకు కావలసిన రంగులు ఇస్తే మొత్తం ఒకేసారి మారుతుంది. థీమ్ రంగుల వరుసలోంచి తీసుకున్నవే మారతాయి, మోర్ కలర్స్‌లోంచి విడిగా వేసినవి మారవు.

అన్నీ కుదిరాక సేవ్ యాజ్‌లో పవర్‌పాయింట్ టెంప్లేట్ అని ఎంచుకోండి, ఫైలు పీఓటీఎక్స్‌గా, డాక్యుమెంట్స్‌లో కస్టమ్ ఆఫీస్ టెంప్లేట్స్ అనే ఫోల్డర్‌లో పడుతుంది. వచ్చే ఏడాది ఇంకో కార్యక్రమానికి అదే పనికొస్తుంది.

బరంపురం డీటీపీ

రాయగడ అన్న చెప్పింది అంతా సరే, ఫాంట్ల సంగతి నేను చెప్తా. నాకు రోజూ ఇదే పని, పెళ్ళి కార్డులూ ఫ్లెక్సీలూ తెలుగు ఒడియా రెండిట్లో వేస్తాం.

మొదటి మాట, అను ఫాంట్లలో గానీ ఒడియాకి ఆకృతి ఫాంట్లలో గానీ టైప్ చేసిన మేటర్ స్లైడ్లలోకి తేవద్దు. అవి యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా గుర్తుపట్టే అక్షరాల పద్ధతి) కాదు, ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో ఇంగ్లీషు అక్షరాల పిచ్చిగీతల్లా కనిపిస్తాయి. ఎవరైనా పాత మేటర్ ఇస్తే యూనికోడ్‌లోకి మార్చుకుని, ఒకసారి ప్రూఫ్ చదివి అప్పుడు వాడండి, మార్పిడిలో వత్తులు తప్పుతుంటాయి.

రెండోది, ఆఫీస్‌తో వచ్చే థీమ్ ఫైళ్ళలో తెలుగుకి గౌతమి అనీ ఒడియాకి కళింగ అనీ లోపల రాసి ఉంటుంది. విండోస్ 10 నుంచి ఆ రెండూ కంప్యూటర్‌తో పాటు వాటంతట అవి రావు, ఆప్షనల్ ఫీచర్స్‌లోకి వెళ్ళి తెలుగు, ఒడియా సప్లిమెంటల్ ఫాంట్లు విడిగా వేసుకోవాలి. కొత్త విండోస్‌లో ఎలాగూ ఉండేది నిర్మలా యూఐ. అందులో తెలుగు, ఒడియా, దేవనాగరి అన్నీ ఉన్నాయి, సొరా సొంపెంగ్ కూడా ఉంది. మీ స్కూల్లో విండోస్ 7లో నిర్మలా లేదు, ఆ డబ్బాలు అందుకే వస్తున్నాయి.

నన్నడిగితే రెండు లిపులూ పక్కపక్కన ఉండేచోట ఒకే కుటుంబం ఫాంట్లు తీసుకోండి, అప్పుడు గీత మందం, అక్షరం ఎత్తు కలుస్తాయి. గూగుల్ ఫాంట్స్‌లో అన్నీ ఉచితమే. శీర్షికలకి తెలుగులో బాలూ తమ్ముడు 2, ఒడియాలో బాలూ భాయినా 2. లోపలి మాటలకి అనేక్ తెలుగు, అనేక్ ఒడియా, లేదా నోటో సాన్స్‌లో రెండూ. నోటో సాన్స్ సొరా సొంపెంగ్ కూడా విడిగా దొరుకుతుంది. గిడుగు అనే పేరుతోనే ఒక తెలుగు ఫాంట్ ఉంది మేడమ్, లోపలి మేటర్‌కి వద్దు గానీ మీ మొదటి స్లైడ్‌లో ఆయన పేరు ఆ అక్షరాల్లో పెడితే నాకు చాలా సంతోషం.

వత్తులు గుడుల మీదికి ఎక్కడం గురించి: టెంప్లేట్లు ఎక్కువగా ఇంగ్లీషు అక్షరాల కొలతకి కట్టినవి, చాలావాటిలో లైన్ ఎడం 0.9 పెట్టి ఉంటుంది. మనకి పైన గుణింతం, కింద వత్తు రెండూ ఉంటాయి, 0.9లో ఎలా పడతాయి? మాస్టర్‌లోనే 1.1 లేదా 1.2 చెయ్యండి. పెట్టెలో పట్టేలా అక్షరాల్ని తనంతట తానే కుదించే ఆటోఫిట్ కూడా ఆపేయండి, లేకపోతే మాటలు ఎక్కువైనప్పుడల్లా అక్షరాలు చిన్నవైపోయి ఒక్కో స్లైడ్ ఒక్కో సైజులో ఉంటుంది. అక్షరం సైజు 28 కంటే తగ్గొద్దు, వెనక వరసలో పెద్దవాళ్ళు కూర్చుంటారు. ఇటాలిక్ తెలుగుకి అస్సలు బాగోదు, నొక్కి చెప్పాలంటే రంగు మార్చండి.

సిరొంచ మాస్టారు

టీచర్ గారూ, మాది మహారాష్ట్ర వైపు, గడ్చిరోలి జిల్లా సిరొంచ. ఇక్కడ తెలుగు మరాఠీ కలిపి చేస్తుంటాం కాబట్టి మీ కష్టం బాగా అర్థమైంది.

టెంప్లేట్ల కోసం ముందు పవర్‌పాయింట్‌లో ఫైల్, న్యూలోకి వెళ్ళి అక్కడే వెతకండి. మాస్టర్ పద్ధతిగా కట్టినవి అక్కడే ఎక్కువ. తర్వాత స్లైడ్స్‌గో, స్లైడ్స్‌కార్నివాల్ చూడండి. స్లైడ్స్‌గోలో ఫ్రీగా తీసుకుంటే చివర్లో వాళ్ళ పేరున్న క్రెడిట్స్ స్లైడ్ ఉంచాలి, చాలామంది దాన్ని చెరిపేస్తారు, అది న్యాయం కాదు, ఎవరో కష్టపడి గీశారు కదా. కార్డు నంబరు అడిగే సైట్లూ, టెంప్లేట్ అని చెప్పి ఈఎక్స్‌ఈ ఫైలు (కంప్యూటర్‌లో నడిచే ప్రోగ్రాం) దించే సైట్లూ చాలా ఉన్నాయి, వాటి జోలికి వెళ్ళొద్దు. పీపీటీఎమ్ అని ఉంటే అందులో మాక్రోలు, అంటే వాటంతట అవి నడవగల చిన్న ప్రోగ్రాంలు ఉంటాయి, తెలియని చోటునుంచి వచ్చినది తెరవకండి.

వెతికేటప్పుడు ఖాళీ ఎక్కువ ఉన్నది చూడండి. నిండా పువ్వులూ బొమ్మలూ ఉన్నదానిలో రెండు భాషలు ఇమడవు. నేనైతే తెల్లటి నేపథ్యం, ఒక పక్క రంగు పట్టీ ఉన్న సాదాది తీసుకుని, మిగతా అందమంతా మన ఫొటోలతో తెచ్చుకుంటాను.

పాత ప్రొజెక్టర్ అన్నారు కాబట్టి ఇది ముఖ్యం: ఇప్పటి టెంప్లేట్లు ఎక్కువగా 16:9 అనే వెడల్పు కొలతలో ఉంటాయి, మీ తెర 4:3 అయితే పైనా కిందా నల్లపట్టీలు వచ్చి అక్షరాలు చిన్నవవుతాయి. డిజైన్‌లో స్లైడ్ సైజ్ దగ్గర స్టాండర్డ్ 4:3 చెయ్యండి, అదీ మేటర్ నింపకముందే. నింపాక మారిస్తే అన్నీ జరిగిపోతాయి.

క్యాన్వా కూడా బాగుంటుంది, స్కూల్ టీచర్లకి దాని ఎడ్యుకేషన్ వెర్షన్ ఉచితం.

బరంపురం డీటీపీ

మాస్టారూ, క్యాన్వా విషయంలో నేను ఒప్పుకోను. తెర మీద బాగానే ఉంటుంది కానీ అక్కడినుంచి పవర్‌పాయింట్ ఫైలుగా దించితే ఫాంట్లు మారిపోతాయి, స్కూల్లో మళ్ళీ అదే గోల. పీడీఎఫ్‌గా దించుకునేటట్టయితే సరే.

పర్లాకిమిడి టీచరమ్మ

అందరికీ చాలా చాలా థాంక్స్ అండీ. రెండు పెట్టెల లేఅవుట్ చేశాను, ఎంత హాయిగా ఉందో! ఇంట్లో అంతా బాగా వచ్చింది. స్కూల్ కంప్యూటర్‌లో ఫాంట్లు వేసుకోవడానికి అడ్మిన్ పాస్‌వర్డ్ కావాలంటోంది, అది ఎవరి దగ్గరా లేదు. ఏం చెయ్యమంటారు? ఇంకొకటి, ఫొటోలు ఎక్కువై ఫైలు బరువైపోయింది.

రాయగడ కంప్యూటర్ సెంటర్

మేడమ్, ఫైల్, ఆప్షన్స్, సేవ్‌లోకి వెళ్తే అడుగున ఎంబెడ్ ఫాంట్స్ ఇన్ ది ఫైల్ అని ఉంటుంది, టిక్ పెట్టి సేవ్ చెయ్యండి, నోటో, బాలూ లాంటివి ఫైలుతో పాటే వస్తాయి. అయినా దాన్ని ఒక్కదాన్నే నమ్ముకోవద్దు, పీడీఎఫ్ కూడా ఒకటి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి. పీడీఎఫ్ రీడర్‌లో ఫుల్ స్క్రీన్ చేస్తే స్లైడ్ల లాగే నడుస్తుంది, అక్షరం కదలదు. యానిమేషన్లు మాత్రం పోతాయి.

సవర మాటలు రెండు మూడే కాబట్టి వాటిని కట్ చేసి, పేస్ట్ స్పెషల్‌లో పీఎన్‌జీ బొమ్మగా అతికించేయండి, ఫాంట్ అవసరమే ఉండదు. కానీ మాటలుగా ఉన్న కాపీ వేరే దాచుకోండి, బొమ్మలో తప్పు దిద్దలేం.

ఫొటోలకి ఒక ఫొటో ఎంచుకుని కంప్రెస్ పిక్చర్స్ నొక్కండి, ఈ ఒక్క ఫొటోకే అన్న టిక్ తీసేసి 150 పీపీఐ ఇస్తే అన్నీ తగ్గుతాయి. వాడని లేఅవుట్లు కూడా మాస్టర్‌లోంచి తీసెయ్యండి, వాటి వెనక బొమ్మలు కూడా బరువే.

సిరొంచ మాస్టారు

టీచర్ గారూ, ఆ పీఓటీఎక్స్ ఫైలు మాకు కూడా ఇస్తారా? కింది పెట్టెలో ఒడియా బదులు మరాఠీ పెట్టుకుంటాం.

పర్లాకిమిడి టీచరమ్మ

తప్పకుండా మాస్టారూ, రేపు స్కూల్ గుర్తు తీసేసి పెడతాను.

బరంపురం డీటీపీ

మాస్టారూ, అది రాగానే మాస్టర్ తెరిచి కింది పెట్టెకి, పైన తెలుగుకి వాడినదాన్ని బట్టి, బాలూ 2 గానీ అనేక్ దేవనాగరి గానీ పెట్టండి, తెలుగుదీ దానిదీ ఒకే కుటుంబం కాబట్టి సైజులు ముట్టుకోవాల్సిన పని పెద్దగా ఉండదు. దేవనాగరికి పైన తలగీత ఉంటుంది కాబట్టి ఆ పెట్టె కాస్త కిందికి జరపండి, లేకపోతే తెలుగు వత్తులు దానికి తగులుతాయి.