అప్‌డేట్: ‘కమ్యూనిటీ’లో జెఫ్ మారతాడా అని అడిగింది నేనే

‘కమ్యూనిటీ’ అనే అమెరికన్ కామెడీ సిరీస్ నాలుగు ఎపిసోడ్‌లు చూసి, “ఈ హీరో జెఫ్ వింగర్ చివరిదాకా ఇంతేనా, ఆపేయనా?” అని అడిగాను కదా. ఆపలేదు. 6 సీజన్లు, 110 ఎపిసోడ్‌లూ అయిపోయాయి.

మారతాడు, కానీ నత్తనడకే. దొంగ డిగ్రీ బయటపడి లాయర్ పని పోయి గ్రీన్‌డేల్ కాలేజీకి వచ్చినవాడు, క్లాస్‌మేట్ బ్రిట్టా కోసం లేని స్పానిష్ స్టడీ గ్రూప్ ఉందని కోసినవాడు ఒక్కరోజులో మంచివాడైపోతే నేనే నమ్మేదాన్ని కాదు. నాకు తేడా తెలిసింది మూడో సీజన్ చివర్లో. తర్వాత నిజంగానే ఏర్పడిన ఆ గ్రూప్‌లోని స్నేహితురాలు షర్లీ తరఫున ఒక కేసు వాదిస్తుంటాడు. పాత ఆఫీసులో మళ్లీ చోటు కావాలంటే ఓడిపొమ్మని ఎదుటి లాయర్ బెదిరిస్తాడు. షర్లీయే “పర్లేదులే” అన్నట్టు వదిలేస్తుంది. అయినా వీడు ఓడిపోడు. మొదటి సీజన్ జెఫ్ అయితే క్షణం ఆలోచించేవాడా?

నాలుగో సీజన్ మాత్రం తేలిపోయింది. సృష్టికర్త డాన్ హార్మన్ ఆ ఏడాది లేడు మరి.

చివర్లో ఒక్కొక్కరూ వెళ్లిపోతుంటే జెఫ్ కాలేజీలోనే మిగిలిపోతాడు, మాస్టారుగా. ఎయిర్‌పోర్ట్‌లో గ్రూప్ స్నేహితులు ఏబెడ్‌ని, ఆనీని హత్తుకునే సీన్‌కి ఏడ్చేశాను. “ఆపకు” అన్నవాళ్లకి థ్యాంక్స్.