గేర్‌బాక్స్ కోడ్‌ను చెరిపే హక్కు డ్రైవర్‌కు ఉండాలా?

ఫోర్‌మన్, కువైట్:
మా గ్యారేజీలో ఉన్నవి చెత్త ఎత్తే బళ్లు. అన్నింటికీ ఆలిసన్ 3000 శ్రేణి ఆటోమేటిక్ గేర్‌బాక్సులే. బండి ఆపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, సెలెక్టర్ (గేరు ఎంచుకునే బటన్ల పలక) మీది పై బాణం, కింది బాణం బటన్లను ఒకేసారి నొక్కితే ముందు ఆయిల్ మట్టం కనిపిస్తుందనీ, అలా అయిదోసారి నొక్కేసరికి గేర్‌బాక్స్‌లో వచ్చిన తప్పేమిటో చెప్పే కోడ్లు వస్తాయనీ, మోడ్ బటన్‌ను పది సెకన్లు నొక్కిపట్టుకుంటే అవి చెరిగిపోతాయనీ రాత్రి షిఫ్టు డ్రైవర్లందరికీ తెలిసిపోయింది. పొద్దున బండి నా దగ్గరికి వచ్చేసరికి గేర్‌బాక్స్‌లో తప్పుందని చెప్పే చెక్ ట్రాన్స్ దీపమూ ఉండదు, కోడూ ఉండదు. "రాత్రి ఒకసారి గేరు పడలేదు సార్" అన్న మాట మాత్రం ఉంటుంది. డ్రైవర్లెవరూ కోడ్లు చెరపకూడదని నోటీసు పెట్టాలనుకుంటున్నాను. మీరేమంటారు?

రాత్రి షిఫ్టు డ్రైవర్:
ఫోర్‌మన్ గారూ, నోటీసు రాసే ముందు ఒక్క రాత్రి నా పక్క సీట్లో కూర్చోండి. రాత్రి రెండు గంటలప్పుడు ఇరుకు సందులోకి బండిని రివర్సులో తీసుకెళ్లి డబ్బా ఎత్తుతుంటాం. సరిగ్గా అప్పుడే దీపం వెలుగుతుంది, గేరు అంకె మిణుకుమిణుకుమంటుంది, ఇక ముందుకు డి నొక్కినా వెనక్కి ఆర్ నొక్కినా పలకదు. గ్యారేజీ నుంచి మనిషి రావాలంటే ఎంత లేదన్నా గంట. ఆలోగా ట్రిప్పు పోతుంది, జీతంలో కోత పడేది నాకే. కోడ్ చదవడం తప్పు కానప్పుడు చెరపడం ఎందుకు తప్పవుతుందో చెప్పండి.

పాత మెకానిక్, కరీంనగర్:
తమ్ముడూ, నీ ఇబ్బంది నిజమే. గల్ఫ్‌లో ఉన్నన్నాళ్లూ నేనూ ఇలాంటి బళ్ల కిందే పడుకున్నాను. కానీ నీకు కావలసింది ఒకటి, నువ్వు చేస్తున్నది మరొకటి. బండిని కదలనివ్వనిది ఆ కోడ్ "ఇప్పుడు ఉంది" అని చెప్పే గుర్తు. ఇంజన్ ఆపి, ఇగ్నిషన్ కట్టేసి, కంట్రోలర్ (గేర్‌బాక్స్‌ను నడిపే కంప్యూటర్) పూర్తిగా ఆగేదాకా కాసేపు ఓపికపట్టి మళ్లీ వేస్తే చాలా కోడ్లకు ఆ గుర్తు పోతుంది, కోడ్ మాత్రం పాతదిగా జాబితాలో మిగులుతుంది. డబ్ల్యూటెక్ అనే పాత తరం ఆలిసన్ కంట్రోలర్ ఉన్న బళ్లలో మోడ్ బటన్‌ను మూడు సెకన్లు పట్టుకుంటే గుర్తు పోయేది, పది సెకన్లు పట్టుకుంటే జాబితాయే పోయేది. నీకు కావలసింది ఆ గుర్తు పోవడమే, జాబితా పోవడం కాదు. తప్పు నిజంగా అక్కడే ఉంటే గుర్తు వెంటనే తిరిగి వస్తుంది; అప్పుడు పది సెకన్లు పట్టుకున్నా ఒరిగేదేమీ లేదు.

జాబితాతో పాటు పోయేదేమిటో కూడా తెలుసుకో. ప్రతి కోడ్ వెనకా అది ఎన్నిసార్లు వచ్చిందో, చివరిసారి వచ్చాక ఇగ్నిషన్ ఎన్నిసార్లు వేశారో లెక్క ఉంటుంది. అది సెలెక్టర్ మీద కనిపించదు, లాప్‌టాప్ తగిలిస్తేనే కనిపిస్తుంది. నేను పనిచేసిన ఒక చోట మూడు వారాలుగా ఒక బండి గేర్లు తప్పుతోందని ఫిర్యాదు. కోడ్ లేదు కాబట్టి లోపల క్లచ్ ప్లేట్లే పోయాయని తేల్చి, గేర్‌బాక్స్ దించడానికి జాకీ కూడా తెచ్చి పెట్టుకున్నారు. ఆ రోజు అసలు డ్రైవర్ సెలవు పెట్టాడు. బదులు వచ్చిన కుర్రాడికి మోడ్ బటన్ కిటుకు తెలియదు, కాబట్టి బండి కోడ్‌తోనే వచ్చింది: డి1, పి, 07, 22 (డి1 అంటే జాబితాలో మొదటి చోటు, కోడ్ పి0722). అంటే గేర్‌బాక్స్ నుంచి బయటికొచ్చే షాఫ్టు వేగాన్ని చూసే అవుట్‌పుట్ స్పీడ్ సెన్సర్ నుంచి సిగ్నల్ లేదని. కనెక్టర్ ఊడదీస్తే రెండు పిన్నుల్లో ఒకటి పాచిపట్టినట్టు పచ్చగా ఉంది. రోజూ ప్రెషర్ నీళ్లతో బండి కడుగుతారు కదా, చిట్లిన రబ్బరు సీలులోంచి తడి లోపలికి దిగింది. పిన్ను శుభ్రం చేసి సీలు మార్చాం. జాకీ వచ్చిన దారినే వెళ్లింది.

ఆటో ఎలక్ట్రీషియన్, విజయవాడ:
అన్నగారి మాట కాదనను గానీ, చెరపడమే పాపం అన్నట్టు మాట్లాడితే నేను ఒప్పుకోను. సెలెక్టర్ జాబితాలో డి1 నుంచి డి5 దాకా అయిదు కోడ్లకే చోటు. ఎర్త్ వైరు వదులై వోల్టేజి పడిపోతే ఆ సంగతి చెప్పే పి0562 ఒక్కటే రాదు, ఇంజన్ కంట్రోలర్‌తో మాట తెగిందని యు0100 కూడా రావచ్చు. ఇలాంటివి జాబితా నింపేశాక అసలు రోగం చెప్పే పాత కోడ్ బయటికి నెట్టబడుతుంది. ఇక రిపేరు చేశాక చెరిపి, బండిని రోడ్డు మీద తిప్పి, కోడ్ మళ్లీ వస్తుందో లేదో చూడకపోతే పని అయిందని ఎలా చెబుతారు? 

డ్రైవర్ బటన్ కంటే నాకు భయం చేతిలో పట్టే చవక స్కానర్లంటే. బండిలోని కంట్రోలర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే క్యాన్ లైను మీద డీఎం11 అనే ఆదేశం ఉన్న కోడ్లను చెరుపుతుంది, డీఎం3 పాత కోడ్లను చెరుపుతుంది. అలాంటి ఆదేశాన్ని గేర్‌బాక్స్ చిరునామా అయిన 3కు మాత్రమే పంపకుండా అన్ని కంట్రోలర్లకూ పంపితే ఇంజన్ కోడ్లూ దాంతోనే పోతాయి. సెలెక్టర్ బటన్‌కు అంత శక్తి లేదు.

టిప్పర్ యజమాని, ఖమ్మం:
నా టిప్పర్ ఏఎంటీ. దానికీ ఈ బాణాల పద్ధతే పనిచేస్తుందా?

పాత మెకానిక్, కరీంనగర్:
పనిచేయదండీ. ఏఎంటీ అంటే మామూలు గేర్‌బాక్సే, క్లచ్ తొక్కే పని, గేరు వేసే పని మోటార్లు గానీ గాలి సిలిండర్లు గానీ చేస్తాయి. దాని కోడ్లు, చదివే తీరు వేరు. మీ బండి తయారీదారు పుస్తకం చూడండి.

ఎలక్ట్రీషియన్ గారూ, రిపేరు తర్వాత చెరపాలన్నదానితో నాకూ పేచీ లేదు. నేను వద్దనేది రిపేరుకు ముందు చెరపడాన్ని. మరొకటి: కోడ్ చెరిపితే గేర్లు మెత్తగా పడతాయనే భ్రమ చాలామందికి ఉంది. క్లచ్‌లోకి ఆయిల్ నిండే సమయాన్ని కంట్రోలర్ నేర్చుకోవడం వేరు, కోడ్ల జాబితా వేరు. ఇది చెరిపితే అది మారదు.

ఫోర్‌మన్, కువైట్:
నోటీసు మార్చి రాశాను. దీపం వెలిగితే ముందు కోడ్లన్నీ ఫోన్‌లో ఫొటో తీయాలి, కోడ్ ఇప్పుడు ఉందని చెప్పే, మోడ్ బటన్ పక్క లైటు వెలుగుతోందో లేదో కూడా అందులో పడాలి. తర్వాత ఇగ్నిషన్ కట్టేసి వేసుకుని బండి కదిలితే పని కానివ్వొచ్చు. పది సెకన్ల పని మాత్రం గ్యారేజీలోనే. ఆయిల్ వేడెక్కిందనే పి0218, గేరు నిష్పత్తి తప్పిందనే పి0730 వస్తే బండి కదిలినా కదిలించకూడదు, నాకు ఫోన్ చేయాలి.

రాత్రి షిఫ్టు డ్రైవర్:
ఒప్పుకుంటాను. అయితే అక్షరాలు రెండేసి చొప్పున మారిపోతూ వస్తాయి, ఫొటోలో సగమే పడతాయి. వీడియో అని రాయండి. ఆ గంట ఆలస్యానికి కోత ఉండదని కూడా అదే నోటీసులో రాయండి.