సెలక్షన్స్ ఆదివారం పడ్డాయి, పాప పరుగెత్తనంటోంది. ఏం చేయమంటారు?

గుంటూరు నాన్న:
అందరికీ వందనాలు. మాది అరండల్‌పేట. మా పాప టెన్త్, 400 మీటర్లు పరుగెత్తుతుంది. రోజూ పొద్దున్నే బ్రహ్మానందరెడ్డి స్టేడియానికి తీసుకెళ్లేది నేనే, ఎంత కష్టపడిందో నాకు తెలుసు. ఇప్పుడు జిల్లా సెలక్షన్స్ ఆదివారం పెట్టారు. ఆరాధన మాని రాను, ఆ రోజు పరుగెత్తను అని తేల్చి చెప్పేసింది. మేం ఏమీ బలవంతపెట్టలేదండి, అసలు వాళ్లమ్మే ఒక్క వారమే కదా వెళ్లమ్మా అంటోంది. కోచ్ గారికి కోపం వచ్చింది, ఆయన బాధలోనూ న్యాయముంది. స్పోర్ట్స్ కోటా పోతుందని చుట్టాలు ఒకటే పోరు. పాప మాత్రం స్పైక్స్ తుడిచి డబ్బాలో సర్ది బీరువా మీద పెట్టేసి హోంవర్క్ చేసుకుంటోంది. నాకే నిద్ర పట్టడం లేదు. నచ్చజెప్పాలా, వదిలేయాలా?

ఏసీ కాలేజీ పాత విద్యార్థి:
అన్నా, పాపకి ఎరిక్ లిడెల్ గురించి చెప్పండి. స్కాట్లండ్ రన్నర్, 1924 పారిస్ ఒలింపిక్స్. ఆయన అసలు ఈవెంట్ 100 మీటర్లు, హీట్స్ (తొలి రౌండ్లు) ఆదివారం పడ్డాయని మానుకున్నాడు, రెండు రిలేలు కూడా వదిలేశాడు. చివరి నిమిషంలో మానుకున్నాడని చాలామంది అనుకుంటారు గానీ, కొన్ని నెలల ముందే షెడ్యూల్ తెలిసి 400కి సాధన మొదలుపెట్టాడు. ఫైనల్లో బయటి లేన్ వచ్చింది, ముందు ఎవరూ కనపడరు, అయినా మొదటి నుంచీ ఒకటే ఊపులో వెళ్లి 47.6 సెకన్లలో స్వర్ణం కొట్టాడు. మరుసటి ఏడాదే మిషనరీగా చైనా వెళ్లిపోయాడు. అయితే ఆదివారం మానితే దేవుడు ఇంకో పతకం ఇస్తాడని మాత్రం పాపకి చెప్పొద్దు అన్నా. గెలవకపోయినా ఆయన మానేవాడే.

పటమట పీఈటీ:
సార్, పిల్లలకి బడి ఉండదని మేం ఆదివారాలే పెడతాం, ఎవరి మీదా కక్షతో కాదు. ముందు జిల్లా అసోసియేషన్ వాళ్లకి ఒక లెటర్ ఇవ్వండి, మీట్ రెండు రోజులైతే ఆమె ఈవెంట్ శనివారం వేయమని అడగండి, అడగందే ఎవరికి తెలుస్తుంది? కుదరకపోతే గొడవపడకండి. ఒక అమ్మాయి కోసం అందరి షెడ్యూల్ మార్చలేకపోవచ్చు, అది అన్యాయం కూడా కాదు. ఇంకో మాట. ట్రిపుల్ జంపర్ జొనాథన్ ఎడ్వర్డ్స్ ఆదివారం అని 1991 ప్రపంచ పోటీలకే వెళ్లలేదు, తర్వాత తనే ఆలోచించుకుని ఆదివారాలు దూకాడు, 1995లో 18.29 మీటర్ల రికార్డు పెట్టాడు. ఎవరో తిడితే మార్చుకున్న నిర్ణయం కాదది. పాపకీ ఆ టైమ్ ఇవ్వండి, కోచ్‌తో మాత్రం తననే మాట్లాడనివ్వండి, మధ్యలో మీరు వద్దు.

గుణదల అక్క:
మా ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్) వాళ్లకి శనివారం సాయంత్రం పూజకి వెళ్లినా సరిపోతుంది, మా అబ్బాయి అలాగే వెళ్లి ఆదివారం మ్యాచ్ ఆడతాడు. మీ సంఘంలో వేరుగా ఉండొచ్చు, అయ్యగారిని అడగండి. పై తమ్ముడు చెప్పిన లిడెల్ గురించే ఇంకొకటి. యుద్ధకాలంలో జపాన్ వాళ్లు చైనాలో ఆయన్ని శిబిరంలో పెట్టారు. అక్కడి పిల్లలు ఒక ఆదివారం హాకీ ఆడుకుంటూ కొట్టుకున్నారు. మరుసటి ఆదివారం ఆయనే వచ్చి రిఫరీగా నిలబడ్డాడు. ఒలింపిక్స్‌కే ఆదివారం లొంగనివాడు ఆ పిల్లల కోసం గ్రౌండ్‌లోకి దిగాడు. 1945లో ఆ శిబిరంలోనే చనిపోయాడు. ఇది కూడా చెప్పండి పాపకి. ఆ తర్వాత ఏమంటే అది.

గుంటూరు నాన్న:
చాలా థాంక్స్ అండి. రెండు కథలూ చెప్పాను. హాకీ సంగతి విని చాలాసేపు ఆలోచించింది, ఈసారికి మాత్రం వెళ్లనంది. కోచ్ గారి దగ్గరికి రేపు తనే వెళ్తానంది. లెటర్ ఎవరి పేరున రాయాలో పీఈటీ సార్ కొంచెం చెప్పండి, వచ్చే మీట్‌కైనా ముందే ఇస్తాం.