మా మామ్మ చెప్పే "రంగం": రంగూన్ కథలు ఇంట్లో విన్నవాళ్ళు ఎవరైనా ఉంటే రాయండి

గోదారి_గట్టు

అందరికీ నమస్కారం అండీ. మాది కోనసీమ, అమలాపురం దగ్గర పల్లెటూరు. మా మామ్మకి 92 ఏళ్ళు. పుట్టింది ఇక్కడేగానీ చంకపిల్లప్పుడే వాళ్ళ నాన్న రంగం తీసుకెళ్ళిపోయాడంట, ఎనిమిదేళ్ళు వచ్చేదాకా అక్కడే పెరిగింది. మా వైపు పెద్దోళ్ళు రంగూన్‌ని రంగం అనే అంటారు, రంగం వెళ్ళాడు, రంగం డబ్బు, రంగం టేకు అని. మా ఇంటి మండువా స్తంభాలు కూడా రంగం టేకే, ఇప్పటికీ ఒక్క చోట చెద పట్టలేదు.

మా ముత్తాత పజుండాంగ్ అనే చోట బియ్యం మిల్లులో గుమాస్తా. 1941 డిసెంబర్ 23న జపాన్ వాళ్ళు బాంబులు వేశాక మామ్మనీ వాళ్ళమ్మనీ ఎలాగో స్టీమర్ ఎక్కించాడు. మామ్మకి ఈమధ్య నిన్న జరిగింది గుర్తుండట్లేదు కానీ రంగం మాత్రం కళ్ళకి కట్టినట్టు చెప్తోంది, ట్రాం బండి గంట, మిల్లుల్లోంచి ఊక కాలిన వాసన, మేడ ఎక్కితే దూరంగా మెరిసే బంగారు గోపురం, వీధి చివర నీళ్ళు. వీధి పేరేంటి మామ్మా అంటే "పేరు లేదురా, నంబరే" అంటుంది, ఆ నంబరు మాత్రం గుర్తు రాక బాధపడుతుంది. ఇంకోటి, రోజూ మధ్యాహ్నం మా వైపు చూసి "తమ్మిన్ సాపీబీలా" అంటుంది. మేమంతా అక్కడి స్నేహితురాలి పేరేమో అనుకున్నాం.

ఆ వీధి ఏదో కనుక్కోడానికి దారి ఉందా? మీ ఇళ్ళల్లో విన్నవి కూడా రాయండి, ఆవిడకి చదివి వినిపిస్తాను.

బర్మాక్యాంప్_అమ్మాయి

అయ్యో అది పేరు కాదండీ! తమిన్ అంటే అన్నం. "అన్నం తిన్నారా" అని అడుగుతున్నారు మీ మామ్మగారు. బర్మా వాళ్ళు ఎదురుపడితే పలకరింపే అది, మనం భోంచేసారా అని అడిగినట్టే. చదవగానే ఒళ్ళు జలదరించింది, మా అమ్మ కూడా ఇంటికి ఎవరొచ్చినా అదే అనేది.

మాది విశాఖపట్నం, కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపు. మా అమ్మానాన్న ఇద్దరూ రంగూన్‌లో పుట్టినవాళ్ళే, 1964 తర్వాత ఓడలో వచ్చేశారు. మా నాన్న ఇప్పటికీ డబ్బులు లెక్కపెడితే తిట్, నిట్, తోన్, లే, ఙా అనే లెక్కపెడతారు, తెలుగులో మొదలెడితే మధ్యలో తప్పిపోతారు. మీకేమైనా మాటలు అర్థం కాకపోతే ఇక్కడ పెట్టండి, నేను నాన్నని అడిగి చెప్తాను.

కళింగపట్నం_కుర్రోడు

అన్నా నాది శ్రీకాకుళం జిల్లా. టేకు స్తంభాలు, గుమాస్తా ఉద్యోగం అని రాసారు కదా, తప్పని కాదు గానీ మా వైపు రంగం అంటే వేరే కథ. మా ముత్తాత అక్కడ రిక్షా లాగీవోడు. మా వైపు ఊళ్ళల్లోంచి ఎల్లినోళ్ళు ఎక్కువమంది రేవులో మూటలు మోసినోళ్ళు, రిక్షా లాగినోళ్ళు, మిల్లుల్లో బస్తాలు ఎత్తినోళ్ళే. మేస్త్రీ ఊర్లోకొచ్చి చేతిలో కొంత అడ్వాన్సు పెట్టి స్టీమర్ టికెట్టు కూడా తనే కొనీవోడట, అక్కడికెల్లాక ఆ అప్పు తీరీదాకా వాడు చెప్పిన పనే, వాడు చూపించిన బసే, కూలీ డబ్బులు కూడా వాడి చేతికే ముందు వచ్చీవి. ఒక్క గదిలో ఇంతమంది అని లెక్కుండదట, ఒకడు పనికెల్తే వాడి చాప మీద ఇంకొకడు పడుకునీవోడట.

మా నాయనమ్మ చెప్పీది, కోతలైపోయాక ఊర్లో మగోళ్ళు ఉండీవోళ్ళు కారట, అంతా ఓడెక్కీసినోళ్ళే. ఇంట్లో ఆడోళ్ళు మనియార్డర్ కోసం పోస్టుమేన్ దారి చూసుకుంటూ కూర్చునీవోళ్ళు. మా ముత్తాత మూడేళ్ళని ఎల్లి పదకొండేళ్ళకి వచ్చాడు. వచ్చినప్పుడు మా నాయనమ్మ ఎవరో అనుకొని లోపలికి పారిపోనాదట. తెచ్చింది ఒక గొడుగు, ఒక రేకు పెట్టె, అంతే. ఆ పెట్టె మా ఇంట్లోనే ఉంది.

రిటైర్డ్_మాస్టారు

కుర్రోడు బాబు రాసింది అక్షరాలా నిజం. కాలేజీలో చరిత్ర చెప్పినవాణ్ణి కాబట్టి నాలుగు సంగతులు రాస్తాను. 1931 జనాభా లెక్కల్లో రంగూన్ ఊరి జనం సుమారు 4 లక్షలు, అందులో 2 లక్షల 12 వేల పైచిలుకు మంది మన భారతీయులే, అంటే సగానికి పైన. అప్పటికి బర్మా మన దేశంలో భాగంగానే పాలించేవాళ్ళు, 1937 ఏప్రిల్ 1న విడదీశారు. అందుకే మన పెద్దవాళ్ళకి రంగం పరాయి దేశం అనిపించలేదు, మద్రాసు వెళ్ళినట్టే ఓడెక్కి వెళ్ళారు. తెలుగువాళ్ళని అక్కడ కోరంగీలు అనేవారు, మన కాకినాడ దగ్గర కోరంగి రేవు పేరు మీదే. గంజాం వాడైనా గోదావరి వాడైనా అక్కడ కోరంగీయే.

కానీ అంతా చల్లగా సాగలేదు. 1930 మే నెలలో రేవులో పనిచేసే తెలుగు కూలీలు జీతాలు పెంచమని సమ్మె కట్టారు. యజమానులు వాళ్ళ చోట బర్మా కూలీల్ని పెట్టుకున్నారు. తర్వాత రాజీ కుదిరి మనవాళ్ళు తిరిగి పనిలోకి వచ్చేసరికి బర్మా వాళ్ళని పొమ్మన్నారు. మే 26న మొదలైన కొట్లాట రోజుల తరబడి నడిచింది, వందమందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది మన తెలుగు కూలీలే. ఇద్దరూ పేదవాళ్ళే, ఇద్దరి పొట్టా కొట్టింది ఒకరే, అయినా కత్తులు దూసుకున్నది వీళ్ళిద్దరు. ఈ సంగతి మన పాఠ్యపుస్తకాల్లో నాకు ఎక్కడా కనపడలేదు, ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

రాజమండ్రి_రవళి

మా తాతయ్య నడిచి వచ్చారండీ. 1942లో. ఓడల్లో చోటు లేదు, టికెట్టు కొనే డబ్బూ లేదు. రంగూన్ నుంచి ప్రోమ్ దాకా వచ్చి అక్కడ్నించి టాంగప్ కనుమ దాటి అరకాన్ తీరానికి, అక్కడ్నించి చిట్టగాంగ్. ఇంకో దారి మణిపూర్ మీదుగా ఉండేది, అటు వెళ్ళినవాళ్ళు కూడా లక్షల్లో ఉన్నారు. దారిలో కలరా. తాతయ్యతో బయల్దేరిన తమ్ముడు కనుమ దాటకుండానే పోయాడు. పూడ్చడానికి కూడా ఆగనివ్వలేదట వెనక వచ్చే జనం.

ఆయన ఆ నడక గురించి మాకు చెప్పింది మొత్తం కలిపి పది నిమిషాలు ఉండదు. కానీ చివరిదాకా మంచం పక్కన చెప్పుల జత, నిండు నీళ్ళ చెంబు ఉండాల్సిందే, రాత్రి చెంబు ఖాళీగా కనిపిస్తే పెద్ద గొడవ చేసేవారు. చిన్నప్పుడు మాకు అదొక చాదస్తం అనిపించేది. ఆయన పోయాక మా నాన్న కూడా మంచం పక్కన చెంబు పెట్టుకోడం మొదలెట్టాడు, ఎందుకని ఎవరం అడగలేదు.

గోదారి_గట్టు

అన్నం తిన్నారా అనా!! అక్కా మీకు ఎన్ని దణ్ణాలు పెట్టినా తక్కువే. ఇన్నేళ్ళూ ఆవిడ అన్నం తిన్నారా అని అడుగుతుంటే మేం ఆ సరేలే అని వెళ్ళిపోయేవాళ్ళం.

కుర్రోడు తమ్ముడూ, నువ్వు రాసింది చదివాక మా ముత్తాత గురించి కూడా ఆలోచించాను. మిల్లులో గుమాస్తా అంటే నీ ముత్తాత లాంటివాళ్ళ కూలీ లెక్కలు రాసినవాడే కదా. ఆ లెక్కలు న్యాయంగా రాశాడో లేదో నాకు తెలీదు. మామ్మకి తెలిసే వయసు కాదు. ఆయన కూడా రవళి గారి తాతయ్యగారిలా నడిచే వచ్చాడు, వచ్చిన రెండేళ్ళకే పోయాడు.

సింగపూర్_శీను

నేను 2017లో యాంగాన్ (రంగూన్‌కి ఇప్పటి పేరు) వెళ్ళాను అండీ, ఆఫీసు పని మీద, నాలుగు రోజులు. వీధి గురించి అడిగారు కాబట్టి చెప్తున్నా. పాత ఇంగ్లీషు పేర్లన్నీ మార్చేశారు, డల్హౌసీ స్ట్రీట్ ఇప్పుడు మహా బందూల, ఫ్రేజర్ స్ట్రీట్ అనోరఠా, మొగల్ స్ట్రీట్ ష్వే బోన్ థా, ఫేర్ స్ట్రీట్ పన్సొడాన్, స్పార్క్స్ స్ట్రీట్ బో ఆంగ్ చో, లూయిస్ స్ట్రీట్ సెయిక్కంథా. పాత పేరు పట్టుకుని వెతికేవాళ్ళకి చాలా కష్టం. కానీ మీ మామ్మగారు నంబరే అన్నారు చూడండి, అదే మీ అదృష్టం. నంబరు వీధులు ఇప్పటికీ నంబరు వీధులే! ఊరు గీత గీసి కట్టినట్టు ఉంటుంది, ఉత్తరం నుంచి దక్షిణానికి సన్న వీధులు వరసగా పడమటి నుంచి తూర్పుకి నంబర్లు పెరుగుకుంటూ పోతాయి, కింద స్ట్రాండ్ రోడ్డు, దాని అవతల నది. పజుండాంగ్ తూర్పు కొస కాబట్టి మామ్మగారి నాన్నగారు అక్కడ మిల్లుకి నడిచి వెళ్ళేవారైతే 40ల చివర, 50ల నంబర్లే చూడాలి. మామ్మగారిని వీధి చివర కనిపించింది పెద్ద నదా, పడవలు నిండిన సన్న కాలవా అని అడగండి. పజుండాంగ్ పక్కన కాలవ ఉంది, మిల్లులు దాని ఒడ్డునే ఉండేవి.

బంగారు గోపురం అంటే ష్వేడగాన్ పగోడా. ఇప్పుడు మధ్యలో పెద్ద బిల్డింగులు వచ్చాయిగానీ అప్పట్లో మేడ మీంచి తప్పకుండా కనపడి ఉంటుంది. ఊరి నడిమధ్య సూలే పగోడా ఉంది, అది చిన్నది. ఆ పాత ఇళ్ళు చాలా ఇంకా ఉన్నాయి, గోడల మీద రావి మొక్కలు మొలిచి, చెక్క మెట్లు, పొడుగు కిటికీలు, పై అంతస్తు నుంచి తాడు వేలాడేసి దానికి క్లిప్పు పెట్టి పేపరో కూరగాయలో పైకి లాక్కుంటారు. స్కాట్ మార్కెట్ అనేవాళ్ళే, 1926లో కట్టింది, ఇప్పుడు బోజో మార్కెట్. అక్కడ ఒక ముసలాయన నేను ఫోన్‌లో తెలుగులో మాట్లాడుతుంటే విని "ఏ ఊరు బాబూ" అన్నాడు. ఆయన తాత బారువ నుంచి వచ్చాడంట, ఆయన ఎప్పుడూ ఇండియా చూళ్ళేదు. తెలుగు మాత్రం మా ఊరి ముసలాళ్ళు మాట్లాడినట్టే ఉంది, నేను వినని మాటలు కూడా ఉన్నాయి.

బర్మాక్యాంప్_అమ్మాయి

మీరు తాడు, క్లిప్పు అనగానే నాన్న నవ్వారు, అవును మా ఇంటికీ ఉండేది అన్నారు. వాళ్ళకి కిరాణా కొట్టు ఉండేది. 1962లో సైన్యం అధికారంలోకి వచ్చింది, 1964 మార్చిలో ఓ రోజు కొట్టుకి బోర్డు తగిలించి ఇక ఇది ప్రభుత్వానిది అన్నారట. సామాన్లు లెక్క రాసుకుని తాళాలు తీసుకున్నారు. రెండు నెలలకి, మే 17న, యాభై, వంద చాట్ నోట్లు చెల్లవని చెప్పేశారు. దాచుకున్నదంతా వాటిల్లోనే. ఓడ ఎక్కేటప్పుడు చెకింగులో అమ్మ చేతి గాజులు తీయించేశారు, నానమ్మ మెడలోది మాత్రం ఎలాగో ఉంచారు. ఓడ కదిలాక నానమ్మ ష్వేడగాన్ కనపడినంతసేపు ఒడ్డు వైపే నిలబడిందంట, మేం అక్కడే పుట్టాం కదా, ఎక్కడికి వెళ్తున్నాం అని అడిగిందంట. వైజాగ్ ఆవిడకి అప్పటిదాకా ఎప్పుడూ చూడని ఊరు.

ఇక్కడికొచ్చాక బతుకు తెరువుకి మా వాళ్ళు కొందరు అక్కడి వంటలే చేసి అమ్మారు. ఖౌసా తెలుసుగా, నూడుల్స్, శనగపిండి, వేయించిన ఉల్లిపాయ, చింతపండు పులుసు. మొహింగా ఇంట్లోనే చేసుకుంటాం, చేప పులుసులో అరటి దవ్వ వేసి, సన్నటి బియ్యం సేమ్యా మీద పోసుకుని తినాలి. మద్రాసు వైపు వెళ్ళినవాళ్ళు "అతో" అనే నూడుల్స్ వంటకం అమ్మారు. గంధంలా అరగదీసి మొహానికి రాసుకునే "తనకా" చెక్క ముక్క అమ్మ దగ్గర ఇంకా ఉంది, సగం అరిగిపోయింది. మిగతాది అరగదీయనివ్వదు.

కళింగపట్నం_కుర్రోడు

అక్కా ఒక మాట. మా ముత్తాతకి అక్కడ బర్మా ఆవిడతో ఇంకో సంసారం ఉండీదని మా ఇంట్లో గుసగుస. ఒక పాప కూడా. మా ముత్తవ్వ ఉన్నంతకాలం ఆ మాట ఎత్తనియ్యలేదు. రేకు పెట్టెలో ఒక చిన్న పిల్ల గౌను ఉంది, మా ఇంట్లో ఎవరిదీ కాదు. ఇలా చాలామందికి ఉండీవా?

రిటైర్డ్_మాస్టారు

ఉండేవి బాబూ, చాలానే. వెళ్ళినవాళ్ళలో ఆడవాళ్ళు బహు తక్కువ, ఏళ్ళ తరబడి అక్కడే ఉండాలి. యుద్ధం వచ్చినప్పుడు ఎంతోమంది ఆ కుటుంబాల్ని అక్కడే వదిలి రావాల్సి వచ్చింది. మీ ముత్తాత ఆ గౌను తెచ్చుకుని దాచుకున్నాడు. అది పారెయ్యకండి.

గోదారి_గట్టు

ఇవాళ అందరి మాటలూ మామ్మకి చదివి వినిపించాను. రవళి గారి తాతయ్య నీళ్ళ చెంబు దగ్గర కళ్ళు తుడుచుకుంది. కుర్రోడి పెట్టె గురించి వినగానే "ఆ గౌను ఏ రంగురా" అని అడిగింది, చెప్పు తమ్ముడూ, రేపు మళ్ళీ అడుగుతుంది.

శీను గారూ, మీరు చెప్పినట్టే అడిగాను. నది కాదంట, కాలవే, అవతల ఒడ్డున మిల్లు పొగగొట్టం, దాని మీద తెల్ల అక్షరాలు ఉండేవంట. అంటే 50ల నంబర్లే కదా? మ్యాప్‌లో ఆ వైపు వీధులు ఒక్కొక్కటీ చూపిస్తూ కూర్చుంటాను.

మధ్యాహ్నం ఎప్పట్లాగే "తమ్మిన్ సాపీబీలా" అంది. అక్క నాకు విడిగా పంపిన జవాబు పలికాను, "సాపీబీ" అని, తిన్నాను అని. మామ్మ నన్ను అలా చూసి, ఆగకుండా బర్మా భాషలో మాట్లాడ్డం మొదలెట్టింది, దాదాపు నాలుగు నిమిషాలు, మధ్యలో ఏదో పాటలాంటిది కూడా ఉంది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఫోన్‌లో రికార్డు చేశాను. అక్కా, మీ నాన్నగారు ఖాళీగా ఉన్నప్పుడు వినిపిస్తారా, ఆడియో పంపిస్తున్నా.

బర్మాక్యాంప్_అమ్మాయి

పంపండి అండీ. నాన్న హియరింగ్ మిషన్ పెట్టుకుని కూర్చున్నారు.